కార్డు తప్పు కాదు

"వైఫై కార్డు పోయిందని ఒక్క మాట చెప్పి చావరా! పదకొండుకు మునిసిపాలిటీ సారు లైన్లోకి వస్తాడు," అని ఉమామహేశ్వర తన అక్క కొడుకు మీద అరిచాడు.

"పోలేదు మామా, చూస్తాండా," అన్నాడు భూపేష్, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకిపోతున్నాయి. డోన్ జంక్షన్‌లో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరైన ఉమామహేశ్వరకు ఆ రాత ఒక్క ముక్క తెలియదు. పచ్చజెండా ఊపితే బండి కదలాలి, అంతే. జెండా ఊపినా కదలనిదాన్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది.

అదీగాక మండడానికి ఇవాళ పెద్ద కారణమే ఉంది. వీధిలోకి మునిసిపాలిటీ నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. వచ్చిన నీళ్ళను పక్కింటి మద్దిలేటి తన కుళాయికి మోటారు బిగించి పీల్చేస్తాడు. ఆ తర్వాతి ఇళ్ళ కుళాయిల్లో ఇక బుస్సుమని గాలే. ఎంత అడిగినా "నువ్వూ మోటారు పెట్టుకోప్పా, ఎవురొద్దన్న్యారు?" అంటాడు. చివరికి ఉమామహేశ్వర మునిసిపాలిటీలో ఫిర్యాదు పెట్టాడు. మోటారు నడుస్తుండగా తీసిన వీడియో ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. విచారణ కూడా వీడియో కాల్‌లోనే. ఇవాళ హాజరు కాకపోతే ఫిర్యాదు కొట్టేస్తామని ముందే చెప్పారు. సరిగ్గా నిన్న సాయంత్రం నుంచి వైఫై చచ్చి కూర్చుంది.

"అన్నీ ఉచితమే మామా అని నువ్వే గదరా ఈ లైనక్సు ఎక్కించింది? వైరస్ రాదంటివి, నెలనెలా ఎవునికీ పైసా కట్టే పని లేదంటివి. నేను ఊరంతా చెప్పుకుంటి. ఇప్పుడు చూడు నా బతుకు!"

"లైనక్సు మంచిదే మామా. కార్డు పేరు ఈడ కనబడతాంది చూడు. దాన్ని నడిపే డ్రైవరు గూడా ఉండాది."

"మరి ఏమి రోగం దానికి?"

భూపేష్ మళ్ళీ కీబోర్డు మీద పడ్డాడు. డ్రైవర్ని దించి మళ్ళీ ఎక్కించాడు. ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న మీటను అటూ ఇటూ జరిపాడు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. నెట్‌ల పేర్లు వరుసగా వచ్చాయి. ఒకదాని మీద నొక్కాడు. అది కాసేపు గిర్రున తిరిగి, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అంతే. వాడి నుదుట చెమట పట్టింది.

ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆయన భార్య హేమావతి లోపలికి వచ్చింది. "ఈపొద్దు గూడా చుక్క రాలేదు. ఆ ఇంట్లో మాత్రం మిద్దె మీది తొట్టి నిండి కారిపోతాంది," అని బిందెను దబ్బున కింద పెట్టింది.

"విన్న్యావా?" ఉమామహేశ్వర గొంతు ఇంకా లేచింది. "కారిపోయినా సరే గానీ పక్కోనికి మాత్రం వదలడు! వారం వారం మంత్రాలయం పోయొస్తాడు, నుదుట ఇంత బొట్టు! మళ్ళీ మనకే నీతులు చెప్తాడు!"

"మామా..." భూపేష్ నసిగాడు. "పక్కపక్కన ఉండేటోళ్ళు. కూచోని మాట్లాడుకుంటే పోలా? మద్దిలేటన్న మరీ అంత చెడ్డోడు కాదు."

"ఏమిరా, వానికి వకాల్తా తీసుకున్న్యావా? నా ఇంట్లో కూచోని ఆ దొంగోన్ని వెనకేసుకొస్తావా?"

భూపేష్ తేలు కుట్టిన దొంగలా ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాడు. గోడ గడియారంలో ముల్లు పదకొండుకు దగ్గర పడింది. ఉమామహేశ్వర చొక్కా మార్చుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంత చేసి, నెట్ లేక ఓడిపోవడమా? ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఉండు మామా," అని భూపేష్ తన ఫోన్ తీసి కిటికీలో పెట్టాడు. "నా ఫోన్లో నుంచి నెట్ ఇస్తా."

నొక్కీ నొక్కకముందే కనెక్ట్ అయింది.

"అంటే కార్డు బాగుండాదనే గదరా? మరి ఇంతసేపూ..."

"టైమైతాంది మామా, ముందు మాట్లాడు!"

తెర మీద ఒక గడిలో అధికారి, ఇంకో గడిలో మద్దిలేటి. భూపేష్ వీడియో పెట్టాడు. మోటారు గుర్రుమంటున్న చప్పుడు అందరూ విన్నారు. ఇక ఉమామహేశ్వరను ఆపడం ఎవరివల్లా కాలేదు.

"సార్, నేను ఉద్యోగంలో ఒక్క రోజు తప్పుదోవ తొక్కలేదు. ఈ నీళ్ళు ఆయప్ప తాత సంపాదిచ్చినవి కాదు. నా భార్య బిందె పట్టుకొని వీధులు తిరగతాంది. అడక్కుండా, చెప్పకుండా పక్కోనిది పీల్చుకుంటాంటే మేం చేతులు కట్టుకొని చూస్తాండాలా? అట్లాటోన్ని దొంగ అంటారా, అనరా? మీరే చెప్పండి సార్!"

"దొంగతనమే," అన్నాడు అధికారి. "మద్దిలేటి గారూ, ఏమంటారు?"

ఎదురు తిరుగుతాడనుకుని ఉమామహేశ్వర పళ్ళు బిగించాడు. మద్దిలేటి మాత్రం చేతులు జోడించాడు. భూపేష్ మెల్లగా లేచి గుమ్మం వైపు నడిచాడు.

"తప్పే సార్. మోటారు ఈపొద్దే పీకేస్తా. ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు న్యాయం," అన్నాడు మద్దిలేటి నెమ్మదిగా.

"అందుకే సార్, ఇన్నేండ్లు ఈయప్ప వాడుకుంటాండిన మా వైఫైకి నిన్ననే పాస్‌వర్డు మార్చేసినా."