ఊరికే ఉండండమ్మా

ఫోను మోగేసరికి ఆమె చేతిలో గరిటె జారి కింద పడింది.

ఫోను ఎత్తింది కానీ హలో అనలేదు. ముందు అవతలివాళ్లే మాట్లాడాలి. అది ఆమె పద్ధతి.

“నెట్ కంపెనీ నుంచమ్మా. ఈ కాల్ రికార్డవుతోంది. వచ్చే నెల నుంచి మీ రేటు పెరుగుతోంది.”

“పెరగడమేంటి? ఏడాది మొత్తానికీ ముందే కట్టేశాం కదా!”

“కట్టారమ్మా. ఇంకా ఏడు నెలలుంది. ఆ ఏడు నెలలకీ తేడా కట్టమంటున్నారు. తొందరపడకుండా పూర్తిగా వినండి. మీరు ఒప్పుకుంటే...”

ఆమెకు అనుమానం వచ్చింది. నిజంగా కంపెనీవాడైతే తొందరపెడతాడు. తొందరపడొద్దంటున్నాడంటే వీడెవడో!

ఈలోగా పొయ్యి మీద పాలు పొంగుకొచ్చాయి.

“సరే సరే, పాలు పొంగుతున్నాయి. ఆఫీసుకే వచ్చి తేల్చుకుంటాలే,” అని పెట్టేసింది.

గంట తర్వాత మళ్లీ మోగింది. నంబరు వేరు. గొంతు అదే, కాకపోతే బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

“అమ్మా, ఇందాక మాట్లాడింది నేనే. ఇది నా సొంత ఫోను. మీరు ఆఫీసుకు రాకండి.”

“ఏం, ఎందుకు రాకూడదు?”

“వస్తే మీకే నష్టం. ఈ సంగతి ఎవరినీ అడక్కండి. ఊరికే ఉండండమ్మా, చాలు.”

“కంపెనీవాడివైతే ఆ గుసగుసలేంటయ్యా? పక్కన ఎవరున్నారు?”

“అది చెప్పలేనమ్మా.”

“పోనీ, నీ పేరు చెప్పు.”

అవతల ఫోను కట్టయిపోయింది.

ఆమె ఫోను బల్ల మీద పడేసింది. గడప దాటి ఎదురింట్లోకి నడిచింది. ఎదురింటావిడ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

“ఎవరినీ అడగొద్దన్నాడా? ఇంకేముంది వదినా, దొంగే! మా మరిదికీ ఇలాగే ఫోన్ చేశారు. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు.”

“ఉన్నదంతానా?”

“ఉత్త పాసుపుస్తకం మిగిలింది.”

ఇంటికి రాగానే ఆమె నెట్ పెట్టె ప్లగ్గు పీకేసింది. అదీ చాలదనిపించి, దాని మీద తువ్వాలు కప్పింది.

లోపలి గదిలోంచి కూతురు కేక వేసింది. “అమ్మా! నెట్ పోయింది! భాగహారం మధ్యలో ఉన్నానే!”

“భాగహారం పోతే పోనీ తల్లీ. వాడు ఇందులోంచి దూరిపోతాడు!”

“ఎవడు?”

“ఎవడో ఒకడు. దొంగ.”

కూతురు వచ్చి తువ్వాలు తీసి, ప్లగ్గు పెట్టింది. “నీకు అందరూ దొంగలే. మొన్న కరెంటు రీడింగుకి వచ్చినవాణ్నీ అలాగే అన్నావు.”

“వాడు మన కిటికీ వైపు రెండుసార్లు చూశాడు.”

“మీటరు అక్కడే ఉందమ్మా!”

కూతురు గట్టిగా తలుపేసుకుని మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. ఆ పాఠాల మీదే ఇల్లు గడుస్తోంది. ఏడాదికి ఒకేసారి కడితే రేటు మారదన్నారని, దాచుకున్నదంతా తీసి కట్టారు. నెట్ ఆగితే పాఠాలు ఆగుతాయి. పాఠాలు ఆగితే అద్దె ఆగుతుంది. మంచాలూ గిన్నెలూ వీధిలో పడి ఉన్నట్టు అప్పుడే ఆమెకు కనిపించేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ నంబరు కాగితం మీద రాసుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది.

అక్కడి సారు కుర్చీ వేయించాడు. మంచినీళ్లు ఇప్పించాడు. నంబరు చూడగానే అతని ముఖం మారింది.

“సొంత ఫోన్లోంచి చేశాడా? ఆఫీసుకు రావద్దన్నాడా?”

“అవును బాబూ. గొంతు తగ్గించి మరీ చెప్పాడు.”

“చాలా మంచి పని చేశారమ్మా. ఈ ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టండి.”

ఇల్లు నిలబెట్టుకున్నానన్న ధీమాతో, ఆటో ఎక్కకుండా నడిచే ఇంటికొచ్చింది.

పది రోజులకు మెసేజ్ వచ్చింది. కూతురు తెరిచి చదివింది.

“ఏడు నెలల తేడా నాలుగు రోజుల్లో కట్టాలట. లేకపోతే ఆపేస్తారట. నువ్వు ఒప్పుకున్నావట. ఎక్కణ్నుంచి తెస్తామమ్మా?”

ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరింది.

ఆఫీసులో లైను వీధి తలుపు దాకా ఉంది. ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. తన వంతు వచ్చేసరికి ఆమె కోపం గొంతుదాకా వచ్చింది.

“నేను ఒప్పుకున్నానని రాసిందెవరు? ఆ దొంగే కదూ?”

కౌంటర్లో అమ్మాయి సారు గది వైపు ఒకసారి చూసి, ముందుకు వంగింది.

“కాదమ్మా. రికార్డులో ఉన్నది మీ గొంతే. ‘సరే సరే’ అన్నారు.”

“అది ఫోను పెట్టేయడానికి అన్న మాట తల్లీ! పాలు పొంగుతుంటే ఎవరైనా అంటారు!”

“మీకు ఫోన్ చేసినతనికీ ఆ సంగతి తెలుసు. అందుకే మీ పేరు దగ్గర ‘ఒప్పుకోలేదు’ అని రాశాడు. అలా రాసి ఉన్నవాళ్లకి గడువు తీరేదాకా పాత రేటే. మీరు ఫిర్యాదు ఇచ్చాక సారు ఆ రికార్డు విన్నారు. ‘ఒప్పుకున్నారు’ అని దిద్దేశారు.”



“మరి... ఆ అబ్బాయి?”

“మీరు ఫిర్యాదు ఇచ్చిన సాయంత్రమే పనిలోంచి తీసేశారు. అతను మాట్లాడిన కాల్స్ అన్నీ మళ్లీ విన్నారు.”

“అన్నీ అంటే?”

ఆ అమ్మాయి తల ఎత్తకుండా అంది. “మీ వెనక లైను చూడండమ్మా, ఇన్నాళ్లూ వాళ్లెవరికీ రేటు పెరగకుండా ఆపింది అతనే.”