ముందు వచ్చిన పిలుపు

"సరిపోయే కిడ్నీ దొరికిందక్కా! సాయంత్రమే ఆపరేషన్," అంది డయాలసిస్ గదిలో పక్క మంచం మీది టీచరమ్మ.

దర్జీ అక్క ముఖం మాడిపోయింది. తను కిడ్నీ కోసం జాబితాకెక్కి నాలుగేళ్లు. ఈ పిల్ల వచ్చి ఆరు నెలలే.

"దేవుడి నోటికి నీ పేరే తేలిగ్గా తిరిగినట్టుందే!"

టీచరమ్మ కళ్లు నిండాయి. "భయంగా ఉందక్కా. నాకోసం ప్రార్థన చెయ్యవూ? ఇన్నేళ్లు ఎదురుచూస్తూ కూడా నువ్వు ఆయన్ని వదల్లేదు. నిన్ను చూసే నేనూ నమ్ముకున్నాను."

దర్జీ అక్కకు సిగ్గేసింది. డయాలసిస్ సూది లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

"ప్రభువా, నాకు కుళ్లుగానే ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు? అయినా ఈ పిల్లని క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమేన్."

తన వంతెప్పుడని అడగకుండా ప్రార్థన ముగించడం నాలుగేళ్లలో ఆమెకదే మొదటిసారి.