అచ్చియ్యమ్మ కషాయం

"ముక్కు మూసుకుని గుటుక్కున తాగీ. నాలిక్కి తగలనియ్యకు" అంటూ రాజ్యం ఇత్తడి గ్లాసు కూతురి చేతిలో పెట్టింది.

రూపాదేవి గ్లాసులోకి తొంగి చూసి మొహం చిట్లించింది. కషాయం నల్లగా, చిక్కగా ఉంది.

"ఇదేనేటమ్మా, అమ్మమ్మ మందు?"

"అదే."

"మాడు వాసనొస్తంది."

"వేర్లు వేయిస్తే అలాగే వస్తది. ప్రశ్నలెయ్యకుండా తాగు."

ప్రశ్నలెయ్యకుండానే తాగింది. ఖాళీ గ్లాసు వెనక్కిస్తూ చంటిపిల్లలా నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక రాజ్యం పెరట్లోకి వెళ్లి, తోమిన గ్లాసునే మళ్లీ మళ్లీ తోమింది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ దాటి నాలుగు రోజులైంది. శుక్రవారం దాకా చూద్దాం, నొప్పులు రాకపోతే వచ్చి చేరిపోండి, ఇంట్లో నాటు మందులు మాత్రం పొయ్యొద్దు అని ఆవిడ మరీ మరీ చెప్పింది. అప్పుడు బుద్ధిగా బుర్ర ఊపి వచ్చిన మనిషే, ఇప్పుడు వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని కషాయం కాస్తోంది.

రూపకు ఆపరేషనంటే చచ్చేంత భయం. ఆడపడుచు కుట్లు చీము పట్టి మూడు నెలలు మంచాన పడటం కళ్లారా చూసింది. అందుకే విశాఖలో మొగుణ్ని వదిలి చోడవరంలో పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ, ఫోనులో ఎవరే చిట్కా చెబితే అది చేస్తూ వచ్చింది. అనాసపండు తింది, ఖర్జూరాలు తింది. పొద్దున్నే చెరకు ట్రాక్టర్ల పక్కన ఫ్యాక్టరీ రోడ్డు పొడుగూతా నడిచింది. డాబా మెట్లు ఎక్కి దిగింది, దిగి ఎక్కింది. లోపలున్న ప్రాణి మాత్రం ఇల్లు ఖాళీ చేసే ఉద్దేశంలో లేదు.

ఇక మిగిలింది అమ్మమ్మ కషాయం ఒక్కటే. దేవరాపల్లి చుట్టుపక్కల ఒకప్పుడు కాన్పంటే రాజ్యం తల్లి అచ్చియ్యమ్మే. నొప్పులు రాని వాళ్లకు ఆవిడ ఏవో వేర్లు కాచి పోసేది. ఉన్నట్టుండి ఒకరోజు ఆ కషాయం కాచే కుండ నేలకేసి కొట్టి ఆ పని మానేసింది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఆవిడ పోయాక ఆ మందు సంగతి తెలిసిన మనిషి రాజ్యం ఒక్కతే.

"నన్ను రెండు గంటల్లో కనీసేవట కదా, అమ్మమ్మే సెప్పింది. నాకెందుకు పొయ్యవే?" అని రూప రెండు రోజులు తల్లి ప్రాణం తీసింది. రాజ్యం కుదరదంటే కుదరదంది. మూడో రోజు రూప వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజే రాజ్యం పొయ్యి మీద మూకుడు పెట్టింది.

గురువారం మధ్యాహ్నం మూడో గ్లాసూ అయింది.

"ఏటీ లేదమ్మా" అంది రూప, పొట్ట మీద చెయ్యేసుకుని. "డోసు పెంచరాదేటి?"

"రేపు ఆస్పత్రికి ఎల్లిపోదామే."

"నీకింత భయమేటి? నువ్వు తాగలేదేటి?"

రాజ్యం నేల చూపులు చూసింది. "తాగేను" అంది.

వాకిట్లో సైకిలు తుడుచుకుంటున్న దాసు ఈ మాటలన్నీ విన్నాడు. భార్య బయటికి రాగానే గొంతు తగ్గించి, "మన గుంటకి ఉన్న మాట సెప్పీరాదేటి?" అన్నాడు.

"నిండు సూలాలితో అనే మాటేటి అది? నువ్వూరుకో. సేస్తన్నది మోసమని నాకు తెల్దా?" అని రాజ్యం కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

శుక్రవారం స్కానింగు చూసి డాక్టరమ్మ ఆలోచించలేదు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది, ఆపరేషన్ చెయ్యాల్సిందే అంది. రూప గొల్లుమంది.

"మా అమ్మకి రెండు గంటల్లో అయిపోనాదండి! నేను మా అమ్మకి తొలిచూలుదాన్నే, నాకెందుకవ్వదు..."

"తొలికాన్పు రెండు గంటల్లోనా? నా సర్వీసులో నేనైతే సూడలేదమ్మా" అని నర్సు రాజ్యం వైపు తిరిగింది. "అదలా ఉంచండి. మందేదైనా పోసేరా? దాచొద్దు. బిడ్డ ప్రాణం మీదకొస్తది."

రాజ్యం కూతురి వైపు చూడలేకపోయింది.

"బెల్లం" అంది.

"ఏటీ?"

"మూకుట్లో బెల్లం మాడబెట్టి, రెండు మిరియాలేసి నీళ్లు మరిగించేను. అంతే. వేరన్నది ముట్టుకోలేదు."

రూప మంచం మీద నుంచి సగం లేచింది. "మూడు రోజులూ నాకు బెల్లం నీళ్లు పోసేవా?" అంది. అంతలోనే ఆమెను లోపలికి తీసుకుపోయారు.

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కాస్త తక్కువ. వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. సాయంత్రం రాజ్యం మనవరాలిని ఎత్తుకుని మంచం దగ్గరికి వెళ్తే, రూప గోడ వైపు మొహం తిప్పుకుంది.

"నువ్వు మాత్రం కోత లేకుండా సుకంగా కన్నావు. నా పొట్ట కోయించేవు. ఉన్నది ఒక్కగానొక్క కూతుర్ని, నాకు ఆ మందు పోస్తే నీ సొమ్మేటి పోతాదమ్మా?"

దాసు చెప్పమన్న ఆ ఉన్న మాట పచ్చి బాలింత ముందు కూడా అనేది కాదు. రాజ్యం మనవరాలి పిడికిలి విప్పి వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. పిల్ల ఆమె వేలు పట్టుకుని వదల్లేదు.

"తప్పు నాదేనే తల్లీ" అంది.

అచ్చియ్యమ్మ ఆ కుండ నేలకేసి కొట్టింది రాజ్యం తొలికాన్పు నాడే. రూప ఆమెకు రెండో కాన్పు.