ఎదురు సెలూన్

“చంకకర్రలు ఎక్కడ దాచావు?” అని అడిగాడు బాబాయి, మంచం మీంచి ఎడమకాలు కిందికి దించబోతూ.

“అది నాకు తెలుసు. మీకు ఇంకో రెండు వారాలయ్యాక తెలుస్తుంది,” అంది భార్య. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. “ఆరు వారాలు నిలబడొద్దన్నాడు డాక్టరు. ఇవాళ్టికి నాలుగే అయ్యాయి.”

వీధంతా బాబాయి అని పిలిచే ఆయనది మూల మీద సెలూన్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీ చుట్టూ నిలబడి తిరిగే పని. మడమనొప్పి ముదిరి ముదిరి చివరికి కత్తిదాకా వచ్చింది. కోసిన చోటు చక్కగా మానుతోంది. మానంది ఎదురు సెలూన్ మీది బెంగే.

“నా షట్టరు మూసి నెల కావస్తోంది. మనవాళ్ళంతా ఎదురు సెలూన్ వాడి కుర్చీకి అలవాటు పడిపోతే, రేపు నేను ఎవరి జుట్టు కత్తిరించాలి? నీదా?”

“నా జోలికి మాత్రం రాకండి,” అందావిడ.

అప్పుడే కిటికీ పక్కనుంచి, ఎప్పుడూ బాబాయి దగ్గరే క్రాపు చేయించుకునే డ్రాయింగు మాస్టారు వెళ్ళాడు. లోకం మనుషులను ముఖం చూసి గుర్తుపడుతుంది. బాబాయి మెడ వెనక చూసి గుర్తుపడతాడు. జుట్టు ఆగేచోట ఆయన కత్తెర గుండ్రంగా గీత తీస్తుంది. ఎదురు సెలూన్ వాడిది పలకగా ఉంటుంది. మాస్టారి క్రాపు నిన్నో మొన్నో చేసినట్టు కొత్తగా ఉంది. గీత మాత్రం గుండ్రంగా ఉంది.

బాబాయికి ఒళ్ళు మండిపోయింది. “చూశావా? మాస్టారు కూడా వాడి దగ్గరికే వెళ్ళాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక గుండ్రంగా తీసినవాడు కాడు. మనుషులను లాక్కున్నది చాలక నా పనితనం కూడా ఎత్తుకుపోయాడు. నన్ను వెళ్ళనివ్వు.”

“వెళ్ళండి. మానుతున్న కాలు మీద నిలబడండి. ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది.”

ఎదురు సెలూన్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బాబాయి మళ్ళీ దిండు మీద కాలు పెట్టుకున్నాడు. అలా తిట్టుకుంటూనే మిగిలిన రెండు వారాలూ గడిపేశాడు.

ఆరు వారాలూ నిండిన పొద్దున మంచం దిగి నేల మీద అడుగు వేశాడు. ఏళ్ళ తరబడి పొద్దుటి మొదటి అడుగంటే మేకు మీద కాలు వేసినట్టే ఉండేది. ఇవాళ నేల చల్లదనం తప్ప ఇంకేం తెలియలేదు. రెండో అడుగూ అంతే. ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి.

“నొప్పిగా ఉందాండీ?” అని పరుగున వచ్చింది భార్య.

“లేదు. అందుకే.” ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “అంతా నీ పుణ్యమే.”

“డాక్టరుకి కూడా కాస్త మిగల్చండి,” అంటూ ఆవిడ చేతికర్ర అందించింది.

ఆయన షట్టరు ఎత్తి, అద్దం తుడుస్తుండగానే డ్రాయింగు మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“దారి తప్పారా మాస్టారూ? మీ కుర్చీ అటువైపు కదా,” అన్నాడు బాబాయి మూతి ముడుచుకుని.

“ఆయనే పంపాడయ్యా. ఇప్పుడే అక్కడ కూర్చున్న నన్ను కుర్చీలోంచి లేపేశాడు. ‘బాబాయి వచ్చేశాడు, ఇక మీకు నా దగ్గర పనేముంది’ అన్నాడు.”

బాబాయి మాస్టారి మెడ చుట్టూ గుడ్డ కట్టి కత్తెర అందుకున్నాడు. “మరి ఆ గుండ్రం గీత?”

“నేనూ అడిగాను. ‘ఇది అరువు తల మాస్టారూ, ఎలా ఇచ్చారో అలాగే అప్పజెప్పాలి’ అన్నాడు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళందరికీ అంతే. నువ్వెలా చేసేవాడివో అడిగి మరీ చేశాడు.”

ఇంతలో ఇంకో ఇద్దరు పాతవాళ్ళు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. బాబాయి వాళ్ళ మెడల వెనక్కి తొంగిచూశాడు. రెండూ గుండ్రమే. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మాస్టారి క్రాపు ముగించి, మిగతా ఇద్దరినీ ఒక్క నిమిషం ఆగమని చెప్పి, చేతికర్ర పట్టుకుని వీధి దాటాడు.

ఎదురు సెలూన్‌లో యజమాని ఒక్కడే ఉన్నాడు. బేరగాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాబాయిని చూసీ లేవలేదు. ఇంకో రోజైతే బాబాయి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగేవాడు.

“రా అన్నా, కూర్చో. కాలెలా ఉంది?”

“బంగారంలా ఉంది తమ్ముడూ.” బాబాయి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఇన్నాళ్ళూ నిన్ను తిట్టని తిట్టు తిట్టకుండా తిట్టుకున్నాను. నువ్వేమో నా మనుషులను నాకు భద్రంగా అప్పజెప్పావు. నాకోసం ఎందుకింత చేశావయ్యా?”

అతను నవ్వాడు. “మడమ ఆపరేషన్‌కి డాక్టరు మనిద్దరికీ ఒకే తేదీ ఇచ్చాడన్నా; ఇద్దరం ఒకేసారి మంచమెక్కితే ఈ వీధి తలలు ఎవరు చూస్తారని నాది వెనక్కి జరిపించుకున్నాను, సోమవారం వెళ్తున్నా, మనవాళ్ళు జాగ్రత్త.”