ముప్పై ఒకటో ప్రశ్న

పరుపుల వ్యాపారి అసెంబ్లీ సందర్శకుల గ్యాలరీలో మొదటి వరుస పట్టుకున్నాడు. రాత్రంతా బస్సులో కూర్చునే వచ్చాడు. ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు. చేతిలో మిగిలింది అచ్చు వేసిన ప్రశ్నల పట్టిక ఒక్కటే. అందులో ముప్పై ఒకటోది వాళ్ల ఊరి ప్రశ్న.

ఊరి ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై మంచాలున్నాయి. వాటికి పరుపులు అమ్మింది తనే. నాలుగేళ్లయినా ప్లాస్టిక్ కవర్లు విప్పలేదు. సరుకును ఇంత అపురూపంగా చూసుకునే ఖాతాదారు ఇంకొకరు దొరకరు. లేనిదల్లా డాక్టరే. చెల్లెలి మొదటి కాన్పు పెద్దాసుపత్రికి పోయే దారిలో, వ్యానులోనే అయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ ఎనిమిదో నెల.

"వాళ్లు సభలో ఏం పోట్లాడుకుంటే నాకెందుకు అన్నయ్యా! డాక్టరు ఏ తేదీకొస్తారో కనుక్కో, చాలు" అంది.

అందుకే ఆర్నెల్లు ఎమ్మెల్యే గడప అరగదీసి ఆ ప్రశ్న వేయించాడు. ఎమ్మెల్యే ప్రతిపక్షం మనిషి. గొంతు పెద్దది. మంత్రి చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తానని బల్ల గుద్ది మరీ మాటిచ్చాడు.

గ్యాలరీ సరిగ్గా మంత్రుల నెత్తిమీద ఉంది. వాళ్లు కనబడరు. ఎదురుగా ప్రతిపక్షం బెంచీలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. వాటిలో ఎమ్మెల్యే కుర్చీ ఖాళీ. కాఫీకి వెళ్లుంటాడులే అని వ్యాపారి తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

సభాపతి ముప్పై ఒకటి అన్నారు. కింద ఎవరో లేచిన చప్పుడైంది. గరగరలాడే లౌడ్‌స్పీకర్‌లోంచి జవాబు ఊడిపడింది.

"డాక్టరు లేరన్నది వాస్తవం కాదు అధ్యక్షా. పోస్టు ఉంది. పోస్టు ఉంది కాబట్టి, ఎప్పుడు వేస్తారన్న ప్రశ్న ఉత్పన్నం కాదు."

వ్యాపారి ముక్కున వేలేసుకున్నాడు. సరుకు దించకుండానే ముట్టినట్టు సంతకం పెట్టించుకునే విద్య ఇన్నేళ్ల బేరాల్లో తనకే అబ్బలేదు. ఈ మహానుభావుడి మొహం చూద్దామని ముందుకు వంగాడు. కాపలా అతను భుజం పట్టి వెనక్కి లాగాడు.

"వంగకూడదండీ."

"ఎవరండీ ఈ మంత్రి?"

"ఏమోనండీ. కొత్తాయన. పొద్దున్నే ప్రమాణం చేశారట. ఎవరైతే ఏంటిలెండి, చదివే కాగితం పాతదేగా."

కింద మంత్రిగారు ఊపందుకున్నారు. ప్రశ్న వేసిన సభ్యుడికి ఓనమాలు తెలియవన్నారు. ఆయన ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కి ఏడాదైందన్నారు. పేపర్లో పేరు పడాలన్న యావ తప్ప ఇందులో ఇంకేమీ లేదన్నారు.

సభ రెండు వైపులా విరగబడి నవ్వింది. వ్యాపారికి ఒళ్లు మండింది. మనిషి ఎదురుగా లేడని ఇంతలా ఏకిపారేస్తారా? ఈ ఎమ్మెల్యే ఎక్కడ చచ్చాడు?

సభాపతి నవ్వు ఆపుకుంటూ, సభ్యులవారు జవాబుతో తృప్తి చెందినట్టేనా అని అడిగారు.

"పూర్తిగా తృప్తి చెందారు అధ్యక్షా" అన్నారు మంత్రిగారే.

ఈసారి బల్లలు మోగాయి. సభాపతి తర్వాతి ప్రశ్న పిలిచారు. అంటే చెల్లెలికి తేదీ లేదన్నమాట. వ్యాపారి ఇక ఉండబట్టలేకపోయాడు. కాపలా అతని చెయ్యి విదిలించుకుని, పిట్టగోడ మీంచి నడుందాకా వంగాడు.

"తేదీ చెప్పండి సార్, తేదీ!"

తలెత్తి, గుర్తుపట్టి, నవ్వుతూ చెయ్యి ఊపిన ఆ కొత్త మంత్రి, నిన్నటిదాకా ఎదుటి బెంచీలో కూర్చున్న వాళ్ల ఊరి ఎమ్మెల్యేనే.