చివరి బెంచీ జవాబు

అమ్మాయిలు చున్నీలు సర్దుకుంటూ లేచి నిలబడ్డారు. శైలజ కుచ్చిళ్లు తొక్కకుండా మెల్లగా బల్ల దగ్గరికి నడిచి, కూర్చోమంది. నెమలికంఠం రంగు చీర అది, నానమ్మ నూకమ్మది. పొద్దున్న సీతారాండేరాలో ఇంటి దగ్గర నూకమ్మే కట్టింది. మోకాళ్ల మీద కూర్చుని "కుచ్చిళ్లు సమంగా వచ్చినాయేటే?" అని అడిగితే, శైలజ "హాఁ, ఠీక్ హై" అనేసి ఆటో కోసం పరుగెత్తింది. నూకమ్మకి అది అలవాటే. ఆమె తెలుగులో అడగడం, మనవరాలు హిందీలో చెప్పడం ఆ ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న తంతు.

అలాంటి మనిషికి తెలుగు క్లాసు అప్పగించారంటే ఎవరికైనా నవ్వొస్తుంది. శైలజకు మాత్రం చెమటలు పడుతున్నాయి. నిన్న సాయంత్రమంతా అద్దం ముందు సాధన చేసింది. బోర్డు అంచుల్లో ఎవరో రంగు సుద్దలతో పువ్వులు వేసి పెట్టారు. వాటిని చూస్తే ధైర్యం రావాలి గాని, రాలేదు.

హిందీ మాట్లాడే ఊళ్లోని ఈ ఆడపిల్లల బడిలో తెలుగు క్లాసుకి రెండు ఆనవాయితీలున్నాయి. పేరు పిలిస్తే "ఉన్నానండీ" అనాలి. హిందీ ముక్క దొర్లితే ఒక సామెత చెప్పి తప్పు తీర్చుకోవాలి. గోల్‌మురి నుంచి, గోవింద్‌పూర్ నుంచి వచ్చే తెలుగు పిల్లలు ఏటికేడు తగ్గిపోతున్నారు. సంస్కృతానికి మారేదెవరో వచ్చేవారం చెప్పాలి. ఇంకొక్కరు జారుకున్నా క్లాసు ఎత్తేస్తారు. జారుకునేది కిటికీ పక్కనున్న చివరి బెంచీయేనని క్లాసంతటికీ తెలుసు.

శైలజ హాజరు పట్టీ తెరవకుండానే పేర్లు పిలిచింది. యోగిత "ఉన్నానండీ" అంది. రీనా కూడా అంది. "పద్మకుమారీ" అని పిలిస్తే చివరి బెంచీలోంచి "ప్రెజెంట్" అని వినిపించింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ముందు బల్లకి తగులుతున్న మోకాళ్లు. పద్మకుమారి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

శైలజ పాఠం జోలికి పోలేదు. నిన్న మీ ఇంట్లో ఏం కూర వండారని ఒక్కొక్కరినీ అడిగింది. యోగిత చుక్కకూర పప్పంది. రీనా చేపల పులుసు చెబుతూ మధ్యలో "ఔర్" అనేసి, "ఆడలేక మద్దెల ఓడు" అని సామెతతో తప్పు తీర్చుకుంది. అందరూ నవ్వారు. శైలజ గొంతు కాస్త కుదురుకుంది. చివరి బెంచీ ఒక్కటీ పలికితే గట్టెక్కినట్టే.

"పద్మకుమారీ, నువ్వు చెప్పు."

"ఆలూ కా భుజియా."

"తెలుగులో చెప్పు."

"హమ్‌కో నై ఆతా."

యోగిత చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆ విసురు, వెంటనే కిటికీ వైపు తిరిగిపోయే ఆ తల చూసి శైలజకు చెవులు వేడెక్కాయి. అయినా తగ్గి, బుజ్జగించి అడిగింది. పోనీ కిటికీలోంచి ఏం కనబడుతోందో చెప్పమంది. "కుఛ్ నై" అని జవాబొచ్చింది. సామెతైనా చెప్పమంటే "ఛోడియే నా, మిస్" అని వదిలించుకుంది పద్మకుమారి. పక్క గదిలోంచి చప్పట్లు, పాటలు వినిపిస్తున్నాయి. గంట కొట్టే వేళవుతోంది. అద్దం ముందు నేర్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. శైలజకు ఒళ్లు మండింది.

"ఏటే నీ ఇది? ఇంటికాడ మాటాడతావు, ఇక్కడ నోరు రాదేటి? అడిగినోళ్లకి ఎలాగుంటాదో నీకు తెలుసా? ఒక్క ముక్క సెప్తే నీ సొమ్మేటి పోద్ది?"

నవ్వులు ఆగిపోయాయి. శైలజ నాలిక్కరుచుకుంది. క్లాసులో అలా మాట్లాడకూడదు. అది పుస్తకంలోని తెలుగు కూడా కాదు, నూకమ్మ తెలుగు. ఎప్పుడు లోపలికి వెళ్లిందో, ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో తెలియదు గాని, అక్షరం పొల్లు పోకుండా బయటికొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని తలెత్తి చూసిన నూకమ్మ మొహం శైలజకు గుర్తొచ్చింది.

పద్మకుమారి లేచి నిలబడింది. ఊడిపోతున్న రిబ్బను సరిచేసుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"అడగందే అమ్మయినా పెట్టదు, టీచర్" అంది. "సామెత చెప్పాను. తప్పు తీరిందా?"

తీరిందని తలూపింది శైలజ. గంట కొట్టారు. గెలిచినందుకు ఆమెకు సంబరంగా లేదు, సిగ్గుగా ఉంది.

ఆ సాయంత్రం చీర మడతపెట్టి ఇస్తూ, "కుచ్చిళ్లు బాగా వచ్చినాయి, మామ్మా" అంది. నూకమ్మ వినబడనట్టు నటించి, మళ్లీ చెప్పించుకుంది.

టీచర్స్ డే మర్నాడు అసలు టీచర్ పద్మకుమారి ఎప్పటిలా చీరలో వచ్చి హాజరు పిలిస్తే, తను రోజూ కూర్చునే చివరి బెంచీలోంచి ఎర్ర రిబ్బన్ల శైలజ "ఉన్నానండీ" అంది.