రెండు నొక్కులు

మధ్యాహ్నం సరిగ్గా నాలుగూ పదికి తెరమీద రెండు గీతలు జంటగా లేచాయి. కళకు ఒళ్లు మండిపోయింది.

"మళ్లీ నాన్నే" అంది.

పక్క కుర్చీలో సహాయకుడు యుగంధర్ నవ్వాపుకున్నాడు. కళ తండ్రి తాతబ్బాయి పడవ వేటచోటు చేరగానే, నోరు విప్పకుండా వైర్‌లెస్ బటన్ రెండుసార్లు నొక్కుతాడు. క్షేమంగా ఉన్నానని దానర్థం. ఇంట్లో ఉన్న రెండో సెట్‌లో ఆ టక్‌టక్ వినిపించేదాకా కళ తల్లి కాళమ్మ పొయ్యి వెలిగించదు. ముచ్చటైన అలవాటే, కాదనలేం. కానీ ఆ నొక్కులు మిన్నీ బే ఒడ్డున గుట్టమీదున్న కళ యాంటెన్నాలోనూ పడతాయి.

ఆకాశంలో ఉండుండి భగ్గుమనే ఒక నక్షత్రం కోసం పెట్టిన యాంటెన్నా అది. అదే నక్షత్రాన్ని పైనుంచి ఓ ఉపగ్రహం ఎక్స్-రేలో చూస్తోంది. ఒకే పేలుడు ఇద్దరికీ దొరికితేనే కళ మూడేళ్ల కష్టం ఫలించినట్టు. ఉపగ్రహం అటు చూసేది ఈ రోజుతో సరి. అందుకే ఈ ఒక్కరోజు బటన్ నొక్కనని పొద్దున్న తండ్రి చేత ఒట్టు వేయించుకుంది.

కోపంలో సిగ్నల్ తీరు కూడా చూడలేదు. 'లోకల్ వైర్‌లెస్' అని రాసి ఆ ఫైల్ కొట్టేసింది.

సాయంత్రం తండ్రి పడవ దిగీ దిగగానే కడిగిపారేసింది. ఒక్క రోజు ఆగలేకపోయావా అంది. తాతబ్బాయి వల మడుస్తూ, తల వంచుకుని అన్నీ పడ్డాడు.

"తప్పయిపోనాదమ్మా. సెయ్యి ఆగనేదు" అన్నాడు.

ఆ ముఖం చూశాక కళకే జాలేసింది. చేపల బుట్ట అందుకుని ఆయన వెనకే ఇంటిదారి పట్టింది. వంటింట్లో పొయ్యి ఇంకా వెలగలేదు. కళ అది పట్టించుకోలేదు.

అంతలో యుగంధర్ ఫోన్ చేశాడు.

"దీదీ, ఉపగ్రహానికీ రెండు పేలుళ్లు దొరికాయి. మన రేడియో తరంగం ఎక్స్-రే కన్నా కాస్త ఆలస్యంగా వస్తుంది కదా, అది లెక్కేసి చూశా. బిల్‌కుల్ అదే టైమ్. నువ్వు కొట్టేసిన ఫైల్ నా దగ్గర భద్రంగా ఉంది."

కళ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నిజం చెప్పు. నువ్వు నొక్కావా?"

తాతబ్బాయి వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నా సెయ్యి మీద నమ్మకం నేక, పొద్దున్నే సెట్టు మీ అమ్మకిచ్చీసినాను. బెంగెట్టుకుని అదే నొక్కీసిందనుకున్నాను. దాన్నెందుకు తిట్టించడమని..."

కాళమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి కళ వైపు చూసింది.

"నా సెయ్యి మీద మాత్రం నాకు నమ్మకమేటి? రెండు సెట్ల బేటరీలూ తీసి పొద్దున్నే నీ బ్యాగులో పడేసినానే, సూసుకోనేదా?"